మామిడిపండు రంగు ఒంట్లో ఏం చేస్తుంది?

మే నెలాఖరున, రోహిణి కార్తె ఎండల్లో, నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట ప్రాంతాల్లో ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మంలోనే మాగిన రసాల వాసన పలకరిస్తుంది. వరిగడ్డిలో మాగవేసిన చిన్నరసాలు గంపలకొద్దీ ఉంటే పిల్లల్ని పట్టడం ఎవరి తరం? పొద్దున రెండు, అన్నంలో ఒకటి, సాయంత్రం ఆటల నుంచి వచ్చి ఇంకో మూడు. అలా మూడు నాలుగు వారాలు గడిచాక ఏ అమ్మమ్మగారికో అనుమానం వస్తుంది. మనవడి అరచేతులు, అరికాళ్ళు పసుపు రాసినట్లు కనబడతాయి. "వీడికి పచ్చకామెర్లు తగిలాయే తల్లీ!" అని కూతుర్ని కంగారు పెడుతుంది. పక్కింటావిడ ఫలానా ఊళ్ళో పసరు పోస్తారంటుంది. ఇంకెవరో ముంజేతి మీద వాత పెట్టించమంటారు.

మీ ఇంట్లో ఇలాంటి కంగారు పుడితే, పసరుకు బయలుదేరే ముందు ఒక్క పని చేయండి. పిల్లవాణ్ణి పగటి వెలుతురులో నిలబెట్టి, కనురెప్ప పైకెత్తి తెల్లగుడ్డు చూడండి. అది కూడా పచ్చబడి, మూత్రం ముదురు రంగులో పోతూ, అన్నం సయించకపోతుంటే అది కామెర్లే కావచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించాలి. పసరూ వద్దు, వాతా వద్దు. తెల్లగుడ్డు మల్లెపువ్వులా తెల్లగా ఉండి, పిల్లవాడు హుషారుగా ఆడుకుంటూ, అరచేతులూ అరికాళ్ళూ మాత్రమే పచ్చగా ఉంటే అది మామిడిపండు రంగు. ఆ రంగు పేరు కెరొటిన్. ఎక్కువగా తిన్నప్పుడు అది చర్మం కింద కొవ్వులోనూ, మందంగా ఉండే అరచేతి చర్మంలోనూ పేరుకుంటుంది. పండ్లు తగ్గిస్తే కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. దానివల్ల హాని లేదు.

అంత కెరొటిన్ ఒంట్లో చేరినా హాని ఎందుకు లేదు? అదే కెరొటిన్ నుంచి తయారయ్యే విటమిన్ ఏ మాత్రలు మోతాదు మించితే ఎందుకు ప్రమాదం? ఈ వారం చెప్పదలచుకున్నది ఇదే. దీని జవాబు తెలిస్తే మీ పిల్లల కళ్ళ గురించే కాదు, మొటిమలకు మందు వాడుతున్న మీ అమ్మాయి గురించి కూడా జాగ్రత్త పడతారు.

ముందు లెక్క చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చాలాకాలం ప్రచురిస్తూ వచ్చిన పట్టిక ప్రకారం 100 గ్రాముల పచ్చి మామిడికాయలో కెరొటిన్ 90 మైక్రోగ్రాములు. అదే మాగిన పండులో 2,743 మైక్రోగ్రాములు. రకాన్ని బట్టి, మాగిన తీరును బట్టి ఇది మారుతుంది గాని తేడా ఎంతుందో చూడండి. ఆవకాయ ప్రియులు నొచ్చుకోవద్దు, కాయలో పులుపే తప్ప ఈ సరుకు లేదు. కార్బైడు పొట్లాలు పెట్టి రెండు రోజుల్లో పైతోలుకు రంగు తెప్పించిన కాయలో కూడా లోపలి కండ సరిగా మాగదు. కార్బైడుతో మాగపెట్టడం మన దేశంలో నిషేధం కూడాను.

కొవ్వులో కరిగే వస్తువు

విటమిన్లలో మొదట కనుగొన్నవాటిలో విటమిన్ ఏ ఒకటి. 1913లో అమెరికాలో మెక్‌కాలమ్, డేవిస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకలకు రకరకాల కొవ్వులు పెట్టి చూశారు. పందికొవ్వు తిన్నవి ఎదగడం మానేశాయి. వెన్న తిన్నవి ఎదిగాయి. వెన్నలో కొవ్వుతోపాటు ఇంకేదో ఉందన్నమాట. దానికి 'కొవ్వులో కరిగే ఏ పదార్థం' అని పేరు పెట్టారు. 1925లో వోల్‌బాక్, హౌ అనేవారు ఆ పదార్థం లేకుండా పెంచిన ఎలుకల అవయవాలను సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. కంటి పొర, ఊపిరితిత్తుల గొట్టాలు, లాలాజల గ్రంథులు, మూత్రాశయం వీటి లోపలి పొరలు తడిగా, మెత్తగా ఉండవలసింది పోయి పైచర్మంలాగా ఎండి బిరుసెక్కి ఉన్నాయి. కంటికీ మూత్రాశయానికీ ఏమిటి సంబంధం? ఒక్క విటమిన్ లేకపోతే ఇన్నిచోట్ల కణాలు తమ స్వభావం ఎందుకు మార్చుకుంటాయి? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి అరవై ఏళ్ళు పైగా పట్టింది.

ఈలోగా మన దేశంలో పిల్లల కళ్ళు పోతూనే ఉన్నాయి. ముందు వచ్చేది రేచీకటి. దీపాలు పెట్టే వేళకు పిల్లవాడు ఆటలో వెనకబడతాడు, గుమ్మం తట్టుకుని పడతాడు, కంచంలో అన్నం ముద్ద కోసం తడుముకుంటాడు. తల్లి గమనించకపోతే తరువాత తెల్లగుడ్డు పొడిబారి మెరుపు పోతుంది. నల్లగుడ్డు పక్కన నురగ అంటినట్లు బూడిదరంగు మచ్చ ఏర్పడుతుంది. ఆ పైన తట్టో, విరేచనాలో వచ్చి బిడ్డ నీరసించిందంటే నల్లగుడ్డు మీది పారదర్శకపు పొర కొద్ది రోజుల్లోనే మెత్తబడి కరిగిపోవచ్చు. అది పోతే మళ్ళీ రాదు.

1918లో కూనూరులో మెకారిసన్ దొర ప్రారంభించిన పరిశోధనశాల 1958లో హైదరాబాదు తార్నాకకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పెట్టుకుంది. అక్కడి శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం పరీక్షించారు. విటమిన్ ఏ కొవ్వులో కరిగేది కనుక కాలేయంలో నిలవ ఉంటుంది. అలాంటప్పుడు రోజూ ఇవ్వలేని ఇళ్ళలో పిల్లలకు పెద్ద మోతాదు ఒక్కసారి తాగిస్తే నెలల తరబడి సరిపోదా? ఫలితాలు ఆశ కలిగించాయి. 1970లో కేంద్ర ప్రభుత్వం అంధత్వ నివారణ కార్యక్రమం ప్రారంభించి, ఒకటి నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్లు తాగించడం మొదలుపెట్టింది. అంగన్‌వాడీలోనూ, ఆరోగ్య ఉపకేంద్రంలోనూ మీ పిల్లలు నోరు తెరిచి మింగిన ఆ చిక్కటి మందు చరిత్ర ఇది.

కణంలోని దస్తరం

ఇక 1987కు వద్దాం. ఆ సంవత్సరం ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో షాంబోన్ బృందం, అమెరికాలోని సాక్ సంస్థలో ఇవాన్స్ బృందం, ఎవరికి వారే, విటమిన్ ఏ ఎక్కడ పనిచేస్తుందో పట్టుకున్నారు. అది కణం మధ్యనున్న కేంద్రకంలో!

సులువుగా చెప్పుకుందాం. మీ ఒంట్లో ప్రతి కణంలోనూ పాత రోజుల కరణంగారి దస్తరంలాంటిది ఒకటుంది. అవే జన్యువులు. కంటి కణంలో ఉన్న దస్తరమే చర్మం కణంలోనూ ఉంటుంది. తేడా ఏమంటే ఏ కణంలో ఏ కాగితాలు విప్పి చదవాలి, ఏవి మూసి ఉంచాలి అన్నదే. ఆ కాగితాల మీద గుమాస్తాల్లా కూర్చునే ప్రోటీన్లు ఉన్నాయి. వాటిని కేంద్రక గ్రాహకాలు అంటారు. మనిషిలో ఇవి 48 రకాలు.

ఇన్సులిన్ లాంటి హార్మోను ప్రోటీను కనుక కణం లోపలికి నేరుగా పోలేదు. వాకిట్లో నిలబడి తలుపు తట్టాలి. కణం గోడ కొవ్వుతో కట్టింది. విటమిన్ ఏ కూడా కొవ్వు జాతిదే. అందుచేత దగ్గరి చుట్టంలాగా లోపలికి వచ్చేస్తుంది. లోపలికి వచ్చాక రెటినోయిక్ ఆమ్లంగా మారి, మోసుకుపోయే మరో ప్రోటీను సాయంతో కేంద్రకంలోకి చేరుతుంది. అక్కడి గ్రాహకం నడుమ ఒక చిన్న గూడు ఉంది. ఆ గూటి గోడలు నీటిని దూరం నెట్టే స్వభావం గలవి. కొవ్వు అణువుకు అది సొంతిల్లు లాంటిది.

ఆ గూడు ఖాళీగా ఉన్నంతకాలం గ్రాహకం ఊరికే కూర్చోదు. కాగితం విప్పనివ్వకుండా నొక్కిపెట్టే సహాయకుల్ని పక్కన పెట్టుకుంటుంది. రెటినోయిక్ ఆమ్లం వచ్చి గూట్లో సర్దుకోగానే గ్రాహకం చివరి ముక్క కుంకుమభరిణ మూతలా దాని మీదకు వాలి మూసుకుంటుంది. 1995లో ఎక్స్‌రేల సాయంతో ఈ మూత కదలికను చూడగలిగారు. మూత పడటంతో గ్రాహకం పైరూపం మారిపోతుంది. నొక్కిపెట్టినవాళ్ళు జారిపోతారు, చదివేవాళ్ళు వచ్చి అతుక్కుంటారు. ఆ జన్యువు పని మొదలవుతుంది. "తడిగా ఉండు, జిగురు తయారుచెయ్యి, చర్మంలా బిరుసెక్కకు" అన్న ఆజ్ఞ కంటి పొరకు అందినట్లే. 1925లో ఎలుకల్లో చూసింది ఈ ఆజ్ఞ అందకపోవడాన్నే.

ఒక్క విషయం విడిగా చెప్పాలి. రేచీకటి మాత్రం ఈ దస్తరం వ్యవహారం కాదు. మసక వెలుతుర్లో చూపుకు పనికివచ్చే రంగు పదార్థంలో విటమిన్ ఏ స్వయంగా ఒక భాగం. ఆ సంగతి తేల్చినందుకు జార్జి వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. రేచీకటి విటమిన్ ఇవ్వగానే కొద్ది రోజుల్లో తగ్గడానికి కారణం ఇదే. పొర పొడిబారడం, జబ్బుల్ని తట్టుకునే శక్తి తగ్గడం, ఎదుగుదల ఆగడం ఇవన్నీ ఆజ్ఞ అందని ఫలితాలు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. పేగుల్లో కెరొటిన్‌ను చీల్చి విటమిన్ ఏగా మార్చే ఎంజైము ఒకటుంది. ఒంట్లో విటమిన్ ఏ నిండుగా ఉంటే రెటినోయిక్ ఆమ్లం పేగు కణంలోని ఆ గ్రాహకం మీదే కూర్చుని, ఆ ఎంజైమును తగ్గించమని ఆజ్ఞ వేయిస్తుంది. కెరొటిన్‌ను లోపలికి లాగే ద్వారాన్ని కూడా కొంత మూయిస్తుంది. అంటే పండు నుంచి వచ్చేదానికి కాపలా ఉంది. మిగిలిన కెరొటిన్ రంగుగానే అరచేతుల్లో కనబడి ఊరుకుంటుంది. మాత్రలోనో, ఇంజక్షన్‌లోనో, చేపనూనె గొట్టంలోనో తయారై వచ్చే విటమిన్ ఏకు ఈ కాపలా లేదు. అది నేరుగా లోపలికి వచ్చి కాలేయాన్ని నింపి, పొంగి, ఎక్కడ పడితే అక్కడ మూతలు వేస్తూ పోతుంది. విటమిన్ అన్నాం కదా, టానిక్కే కదా అనుకోకండి. ఇది హార్మోను చేసే పని చేస్తుంది. హార్మోను మాత్రల్ని మనం చిత్తం వచ్చినట్లు మింగుతామా?

మోతాదు మించితే తలనొప్పి, వాంతులు, చర్మం పొట్టు రేగడం, జుట్టు రాలడం, ఎముకల నొప్పులు, కాలేయం చెడటం వస్తాయి. పసిబిడ్డకు నడినెత్తి మాడు ఉబ్బవచ్చు.

ఇది ఆడపిల్లల తల్లులు చదవాలి

మొటిమలు బాగా ముదిరినప్పుడు చర్మవైద్యులు ఐసోట్రెటినోయిన్ అనే గొట్టాలు రాస్తారు. మంచి మందే. అది రెటినోయిక్ ఆమ్లానికి తోబుట్టువు. అమెరికాలో 1982లో అమ్మకానికి వచ్చిన కొద్దికాలానికే, ఆ మందు వాడుతూ గర్భవతులైన స్త్రీలకు చెవులు, ముఖం, గుండె, మెదడు సరిగా ఏర్పడని బిడ్డలు పుట్టడం బయటపడింది. కారణం ఇప్పుడు మీరే చెప్పగలరు. గర్భంలో పిండానికి ఎక్కడ చెవి రావాలి, ఎక్కడ గుండె గదులు ఏర్పడాలి అనే ఆజ్ఞల్లో కొన్ని ఇదే గ్రాహకం ద్వారా, కొలిచినంత మోతాదులో అందుతాయి. బయటి నుంచి మందు వచ్చి అన్ని చోట్లా ఒకేసారి మూతలు వేస్తే దస్తరం తారుమారవుతుంది. ఈ అవయవాలు ఏర్పడేది మొదటి రెండు నెలల్లోనే. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతి కూడా రూఢి కాదు.

కాబట్టి పెళ్ళయిన అమ్మాయి గాని, పెళ్ళి దగ్గరపడుతున్న అమ్మాయి గాని ఈ మందు వాడుతుంటే డాక్టరుకు ఆ సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. మందు మొదలుపెట్టే ముందు గర్భం లేదని పరీక్ష చేయించుకోవాలి. వాడినంతకాలం, మానేశాక ఇంకొక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. స్నేహితురాలికి తగ్గిందని ఆమె చీటీ చూపించి మందుల షాపులో కొనుక్కోవడం మాత్రం ఘోరమైన తప్పు. గర్భిణులు విటమిన్ ఏ మాత్రల్ని డాక్టరు చెప్పకుండా వేసుకోకూడదు. రోజుకు 10,000 యూనిట్లు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. మేక కార్జం కూడా గర్భిణి తరచు తినకపోవడమే మంచిది, అందులో విటమిన్ ఏ తయారుగా కుప్పపోసి ఉంటుంది. మామిడిపండుకు ఈ భయం లేదు.

అదే మందు ఒకచోట ప్రాణం పోసింది. ఒక రకం రక్తక్యాన్సరులో రెటినోయిక్ ఆమ్ల గ్రాహకమే విరిగి మరో ప్రోటీనుతో అతుక్కుపోతుంది. మామూలు మోతాదుకు దాని మూత పడదు, తెల్లకణాలు ఎదగకుండా పసితనంలోనే ఆగిపోతాయి. 1980 దశకం మధ్యలో షాంఘైలో వాంగ్ జెన్యీ అనే వైద్యుడు పెద్ద మోతాదు రెటినోయిక్ ఆమ్లం ఇచ్చి ఆ కణాల్ని ఎదిగేలా చేశాడు. గ్రాహకం విరిగిందన్న సంగతి ఆ తరువాత 1990 ప్రాంతంలో తెలిసింది. మందు ముందు దొరికి, కారణం తరువాత తెలిసిందన్నమాట. వైద్యంలో ఇలాంటివి మనం అనుకునేకన్నా ఎక్కువే.

ఈ గుమాస్తాల కుటుంబంలో విటమిన్ డి గ్రాహకం ఉంది, థైరాయిడ్ గ్రాహకం ఉంది, మనం తిన్న నూనెల్లోని కొవ్వు ఆమ్లాలనే గుర్తుపట్టేవీ ఉన్నాయి. ఆ చివరివాటిని పట్టుకునే మధుమేహం మందుల కోసం హైదరాబాదులో అంజిరెడ్డిగారి డాక్టర్ రెడ్డీస్ సంస్థ 1990 దశకంలో కొత్త అణువులు తయారుచేసి డెన్మార్క్ కంపెనీకి హక్కులిచ్చింది. వాటిలో రాగాగ్లిటజార్ అనేది మనుషుల మీద పరీక్షల దాకా వెళ్ళింది. 2002లో ఎలుకల మూత్రాశయంలో కంతులు కనబడటంతో ఆపేశారు. మన తెలుగుగడ్డ మీద పుట్టిన అణువు అంతదూరం వెళ్ళినందుకు గర్వించవచ్చు. ఆపేసినందుకు కూడా బాధపడనక్కరలేదు. ఒక గ్రాహకం ఒకచోట చక్కెర తగ్గిస్తే ఇంకోచోట ఇంకేం చేస్తుందో ముందుగా చూడాలి కదా.

మరి ఏం తినాలి?

కెరొటిన్ కొవ్వులో కరుగుతుంది. కొవ్వు లేని కడుపులో చాలాభాగం వృథాగా పోతుంది. పెరుగన్నంలో రసం పిండుకునే మన అలవాటు, నెయ్యి వేసిన ముద్దపప్పు భోజనం చివర బంగినపల్లి ముక్కలు, ఇవన్నీ ఈ లెక్కకు సరిగ్గా సరిపోతాయి. ఏదో ఒక చెంచాడు నెయ్యో నూనో ఆ పూట కడుపులో పడితే చాలు. తిన్న కెరొటిన్ అంతా విటమిన్ ఏ కాదు. సుమారు 12 మైక్రోగ్రాములకు ఒక మైక్రోగ్రాము అని ఒక లెక్క. మధుమేహం ఉన్నవారు చక్కెర లెక్క చూసుకుని, డాక్టరునడిగి, చిన్న పండులో సగంతో సరిపెట్టుకోవాలి. రసం పిండి గ్లాసులకొద్దీ తాగడం వారికి వద్దు.

మామిడికి రెండు నెలలే. ఆ రెండు నెలల్లో తిన్నది కాలేయంలో కొంత నిలవ ఉంటుంది గాని ఏడాదంతా రాదు. మిగతా నెలలకు పెరట్లో మునగచెట్టు ఉందిగా! అదే పట్టికలో మునగాకుకు 6,780, తోటకూరకు 5,520, కొత్తిమీరకు 6,918, కరివేపాకుకు 7,560 మైక్రోగ్రాములు. తీసి పక్కన పెట్టే కరివేపాకును వేయించి పొడి కొట్టి, మొదటి ముద్దలో నెయ్యి వేసి పిల్లలకు పెట్టండి. ఆషాఢంలో మునగాకు పప్పు, మునగాకు తెలగపిండి కూర మన పెద్దవాళ్ళు వండినవే.

బలం వస్తుందని కెరొటిన్ మాత్రలు కొనవద్దు. పొగతాగేవారు అసలు వద్దు. ఫిన్లండులో 29 వేల మంది పొగరాయుళ్ళ మీద చేసిన పరీక్ష ఫలితాలు 1994లో వెలువడ్డాయి. రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరొటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా 18 శాతం ఎక్కువైంది. పండు తినడం వేరు, దాని రంగును గొట్టంలో కుక్కి మింగడం వేరు.

పిల్లలకు తాగించే పెద్ద మోతాదు గురించి కూడా చెప్పాలి. అది ప్రాణాలు నిలుపుతుందా అని చూసిన రెండు పరీక్షల ఫలితాలు 1990లో వచ్చాయి. మధురై దగ్గర వారం వారం చిన్న మోతాదు ఇచ్చినచోట పిల్లల మరణాలు సగానికి పైగా తగ్గాయి. హైదరాబాదు పరిసరాల్లో ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు ఇచ్చినచోట తేడా కనబడలేదు. దేశంలో లోపం తగ్గుతున్న కొద్దీ అందరికీ ఇవ్వాలా, లోపం ఉన్నచోటే ఇవ్వాలా అని నిపుణులు వాదించుకుంటున్నారు. కొంచెం కొంచెంగా, క్రమంగా అందేదే ఈ గ్రాహకాలకు నప్పుతుందని నా అభిప్రాయం. అయినా ఆకుకూర, పాలు, గుడ్డు సరిగా అందని ఇంట్లో బిడ్డకు ఆ మోతాదు తప్పించకండి. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో లక్ష యూనిట్లు, ఏడాదిన్నర వయసు నుంచి ఐదేళ్ళు వచ్చేదాకా ఆరు నెలలకోసారి రెండు లక్షలు, మొత్తం తొమ్మిది మోతాదులు. ప్రతిదీ కార్డులో రాయించండి. ఊరికి వెళ్ళినప్పుడు ఆ కార్డు వెంట తీసుకువెళ్ళండి. అమ్మమ్మగారి ఊళ్ళో ఒకసారి, ఇంటికి వచ్చాక ఇంకోసారి రెండు వారాల తేడాతో తాగించేస్తే అది బలం కాదు, మోతాదు మించడం. పిల్లవాడు దీపాలవేళ తడుముకుంటున్నాడనిపిస్తే మాత్రం తరువాతి తేదీ కోసం ఆగకుండా మర్నాడే కంటి డాక్టరుకు చూపించండి.